ముందు కారు విరిచిన గాలి

పావనిని క్షమించి వెనక్కి తీసుకురావడానికి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరాను. అవును, క్షమించడానికే. అంత పెద్ద మనసు నాది!

విశాఖలో మా కాలేజీ రేసు కారు నడిపే అమ్మాయి పావని. వర్క్‌షాపు మాస్టర్ని నేను. కిందటి పోటీలో ముందు కారును వెంటాడుతూ మలుపు దగ్గర స్టీరింగు తిప్పితే, కారు తిరక్క నేరుగా వెళ్లి టైర్ల గోడకు కొట్టుకుంది. పిల్లకి దెబ్బలు తగల్లేదు. “స్టీరింగు పట్టే చేతులేనా అవి?” అని అందరి ముందూ కేకలేశాను. మర్నాడే అండమాన్‌లోని ఇంటికి వెళ్లిపోయింది. ఇక కారు ముట్టుకోనంది.

తెల్లవారుజామున విమానమెక్కి, చెన్నైలో మారి, పన్నెండున్నరకు దిగాను. అబర్డీన్ బజార్లో చేపల పులుసుతో భోజనం చేసి, రెండుంపావుకి ప్రోతరాపూర్ బస్సు పట్టుకున్నాను. మధ్యాహ్నం పూట కుడివైపు కూర్చోకండి, ఎండ చంపేస్తుంది. పక్క సీటావిడని పావని తండ్రి పేరు చెప్పి అడ్రసు అడిగితే, “అప్పన్న ఇల్లా భయ్యా? చర్చి దాటాక దిగిపోండి, సీదా ఎదురుగానే” అంది.

పావనే తలుపు తీసింది. టీ ఇచ్చి, “ఛోడ్ దో సార్, వదిలేయండి. గల్తీ నాదే. నా చేతులు పనికిరావు” అంది. నా మాటే ఆమె నోట వినేసరికి టీ పక్కన పెట్టేశాను.

అక్కడ ఐదింటికే తెల్లారిపోతుంది. మర్నాడు ఆరింటికి ఆమె తండ్రి అప్పన్న చేపలకు వెళ్తూ జంగ్లీఘాట్ రేవు నుంచి మమ్మల్నిద్దర్నీ తన డోంగీలో, అంటే ఇంజను పడవలో, తీసుకెళ్లాడు. ముందు ఒక ఓడ పోతోంది. ఆయన దాని వెనక నుంచి తప్పుకుని దూరంగా చుట్టూ తిప్పుతుంటే, “నేరుగా వెళ్తే దగ్గర కదా?” అన్నాను.

“షిప్పు ఎనకాల నీళ్లు ఇరిగిపోయుంటాయి సార్. సుక్కాని తిప్పినా పట్టు దొరకదు. సూడండి” అంటూ ఒక్క క్షణం ఆ నురగలోకి పోనిచ్చాడు. చుక్కాని పూర్తిగా తిప్పినా పడవ నేరుగానే పోయింది.

నాకు మా కారు గుర్తొచ్చింది. రేసు కారుకు రెక్కలుండేది ఎగరడానికి కాదు. వాటి మీదుగా పోయే గాలి కారును కిందికి నొక్కి, చక్రాలకు నేల మీద పట్టునిస్తుంది. ముందు కారు విరిచి వదిలిన గాలిలో ఆ నొక్కుడు తగ్గిపోతుంది. తిన్నని దారిలో అది మేలే, ఎదురుగాలి తగ్గి వేగం పెరుగుతుంది. మలుపులో మాత్రం ముందు చక్రాలు జారిపోతాయి. ఇంజన్లు తప్ప గాలి సంగతి పట్టించుకోని నేను ఆ రోజు డ్రైవరుతో మాట్లాడే రేడియోలో, “వాడి తోక పట్టుకో, మలుపులోనూ వదలకు” అని అరిచాను. ఆ పిల్ల వదల్లేదు.

“తప్పు నాదమ్మా. నేను చెప్పినట్టే చేశావు” అన్నాను. సిగ్గేసింది.

అప్పన్న సముద్రం వైపు తిరిగాడు. పావని నన్నే చూస్తూ, “తిట్టింది అందరి ముందూ కదా సార్. ఇది సముద్రంలో సెప్తే ఎవరికి ఇనబడద్ది?” అంది.

మూడోరోజు ఉదయం తిరుగు విమానం. ఎక్కేముందు, రేడియోలో నేనన్న మాటతో సహా అంతా నా గొంతుతోనే రికార్డు చేసి టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇన్నేళ్ల సర్వీసులో పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం అదే మొదలు.

జైలు చూడలేదు, బీచులూ చూడలేదు. అయినా అండమాన్ ఎలా ఉందని అడిగిన వాళ్లందరికీ, వీలైతే ఒకసారి డోంగీ ఎక్కండని చెబుతున్నాను. విశాఖలో దిగి ఫోన్ ఆన్ చేస్తే పావని దగ్గర్నుంచి ఒక్కటే మెసేజ్, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో:

“నా హెల్మెట్ ఎవరికీ ఇవ్వకండి సార్.”