నాలుగో ముక్క మీద తాడు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో లాగుడు వల వేసే జట్టుకు కేక వేసేది ఇస్తారి. ఆ పనికి నియమం ఒకటే. కేకలో ఊనిక ఎక్కడ పడుతుందో అక్కడే అందరూ తాడు లాగాలి. మిగతా చోట్ల పట్టు వదలకుండా ఆగాలి. ఒక్కడు తొందరపడినా వల ఒక పక్కకు వంగి చేప దాటిపోతుంది.

అతని కూతురు శివానికి మన్నెగూడలోని ఒక కంపెనీలో ఫోన్లలో మాట్లాడే ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. అభ్యాసానికి కంపెనీ ముందుగా పంపిన మాటల్లో ఆమెను ఓడించింది 'రెస్పాన్సిబిలిటీ'. దాన్ని ఆరు ముక్కలుగా సరిగ్గానే విడగొట్టింది: రి, స్పాన్, సి, బి, లి, టీ. ఊనిక నాలుగోదాని మీద అనీ తెలుసు. నోటికి మాత్రం ఆరూ ఒకే బరువుతో వచ్చేవి.

"ఉత్త నోటితోని జోరు రాదు బిడ్డా. తాడు పట్టు," అన్నాడు ఇస్తారి.

మర్నాడు జట్టు ఆ మాట మీదనే వల లాగింది. జట్టులో మల్లా అనే అతను మూడో ముక్కకే లాగి నీళ్లలో పడ్డాడు.

"గింత పొడుగు మాట ఎవడు చేసిండే?" అన్నాడు మల్లా, లేస్తూ.

"మాటనేమంటవ్? 'బి' దాకా ఆగరాదు?" అన్నాడు ఇస్తారి.

తాడు చివర పట్టిన శివాని నోట ఊనిక సరిగ్గా పడింది. తాడు వదిలితే పోయింది. కాబట్టి ఇంటర్వ్యూకు తాడూ వెళ్లింది. రెండో చివర పట్టుకొని ఇస్తారి తలుపు బయట నిలబడ్డాడు.

ఇంటర్వ్యూ చేసే హిమజ ఆ మాట అడిగింది. శివాని 'బి' దగ్గర లాగింది, ఊనిక పడింది. తర్వాత 'కమ్యూనికేషన్' అడిగింది. అందులోనూ ఊనిక నాలుగో ముక్క మీదే. బయట నేల అప్పుడే తడిగుడ్డతో తుడిచి ఉంది. 'కే' అనే సరికి ఇస్తారి కూర్చున్న భంగిమలో జారుతూ గదిలోకి వచ్చాడు.

"ఈయనెవరు?"

"మా బాపు మేడమ్. జోరు పట్టుకుంటడు."

"రోజూ వస్తారా?"

"వల లేని దినం వస్త," అన్నాడు ఇస్తారి, నేల మీది నుంచే.

హిమజ అతని చేతిలోని తాడు చివరను తన బల్ల కాలికి కట్టించి, రెండు మాటలనూ మళ్లీ పలికించింది. బల్ల రెండుసార్లు జరిగింది. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు శివాని కుర్చీ పక్కన, కిటికీ ఊచకు, వల తాడులోంచి కోసిన ముక్క ఒకటి కట్టి ఉంటుంది. ఆ మేరకు వల తాడు పొట్టిదైంది. చివర నిలబడే మల్లా ఇప్పుడు గట్టు దిగి లాగాలి.

"బిడ్డకు నౌకరొచ్చింది, నాకు మోకాళ్ల దాకా నీళ్లొచ్చినయ్," అంటాడతను. అయినా 'బి' దాకా ఆగుతున్నాడు.