భువనగిరి కోటలో చెయ్యి పట్టిన చోటు

కాస్త దగ్గరికి జరగండి, వెనకవాళ్ళు ముందుకు రండి. ఆ సెల్లు బోర్లా పెట్టండి. మా ఆయన కోట చూడ్డానికి వెళ్ళి రాజుగారి పనిలోనే తప్పులు పట్టిన సంగతి చెబుతాను.

మేముండేది యూసుఫ్‌గూడ. మా ఆయన సినిమా సెట్లకి పాతదనం వేసే పెయింటరు. చెక్క మీద ప్లాస్టరు పూసి నిన్న కట్టిన గోడని ఇవాళ సాయంత్రానికి ఎనిమిది వందల ఏళ్ళది చేసేస్తాడు. నాచుకి రంపపు పొట్టు, మరకలకి టీ డికాషను. అందుకే మా ఇంట్లో టీ పొడి నిలవదు. ముప్పై ఏళ్ళలో ఎన్నో కోటలకి రంగు వేశాడు కానీ ఒక్క కోటా చూడలేదు.

మొన్న శనివారం ఫిల్మ్‌నగర్లో కొత్త ఆర్ట్ డైరెక్టరు, మా పెద్దవాడి వయసుంటుంది, ఈయన గోడని చూసి అన్నాడట: "మేస్త్రీగారూ, ఇది కోటలా లేదండీ, మాడిన బిస్కెట్టులా ఉంది. సోమవారం పదింటికి వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే చెన్నై నుంచి మనుషుల్ని పిలిపిస్తా."

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద కలపలేదు. "ముప్పై ఏళ్ళ చెయ్యి ఇది. బిస్కెట్టట!" అని ఒకటే గొణుగుడు.

"అసలు కోటంటే ఎప్పుడైనా చూశారా?" అన్నాను. మర్నాడే ఒకటి చూసొద్దామని తేల్చాం.

గోల్కొండ మా పెరట్లో ఉన్నట్టే. కానీ అక్కడ తెలిసినవాళ్ళు కనబడి "ఇప్పుడు నేర్చుకోడానికొచ్చాడు" అంటారని పరువు అడ్డమొచ్చింది. అందుకని భువనగిరి.

ఆదివారం ఆరున్నరకి ఆటోలో బోరబండ స్టేషను, ఏడింటికి లోకల్ రైలు, సికింద్రాబాదులో ఇడ్లీ, ఎనిమిదిన్నరకి పాసింజరు. ఎదురుగా పూలగంపతో ఒక పెద్దమ్మ కూర్చుంది.

"గుట్ట మీది గుడికా బిడ్డా?" అంది.

"కాదమ్మా, భువనగిరి కోటకి."

"కూలిన గోడలు చూస్తందుకు రైలెక్కిన్రా? మా ఇంటికి రాన్రి, పైస లేకుంట ఫుకట్ల చూపిస్త!"

బోగీ అంతా నవ్వింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకి దిగి, ఆటోలో కోట దగ్గరికి వెళ్ళి టికెట్టు తీసుకున్నాం. మీరెళితే మంచినీళ్ళు కిందే కొనుక్కోండి. గుడ్డు బోర్లించినట్టు ఒకటే బండ, దాని నెత్తిన కోట. అక్కడ కాపురం పెట్టిన రాజు, ఇంట్లో ఆడవాళ్ళ మోకాళ్ళ సంగతి ఒక్కసారైనా అడిగి ఉండడు.

మొదటి ద్వారం దగ్గరే ఈయన నా పరువు తీశాడు. అలవాటు కొద్దీ గోడని పిడికిలితో ఒకటి పొడిచాడు. సెట్టు గోడయితే డొల్లగా మోగుతుంది. ఇది మోగలేదు, ఈయనే "అబ్బా" అన్నాడు.

కాపలా అతను కేకేశాడు: "ఏంది పెద్దాయనా, తలుపు కొడుతున్నవ్? రాజు ఇంట్ల లేడు, ఎప్పుడో పోయిండు!"

అక్కణ్ణించి మెట్టుకో తప్పు. "నాచేదీ? పగుళ్ళు ఇంతేనా? రాళ్ళ సైజులు చూడు, ఒకటన్నా కుదిరిందా? నా దగ్గర ఇలా చేస్తే రెండోరోజే పంపించేసేవాణ్ణి." పై ద్వారం దగ్గరికొచ్చేసరికి మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను వేయనిది ఇందులో ఏదీ లేదే. మరి నాది ఎందుకు అబద్ధంలా ఉందంటాడు ఆ కుర్రాడు?" అన్నాడు. నవ్వుదామనుకున్నదాన్ని, ఆ ముఖం చూసి నవ్వలేకపోయాను.

నేనూ పక్కన కూర్చున్నాను. లేవబోతే మోకాలు పట్టేసింది. ద్వారం అంచు పట్టుకుంటే చెయ్యి సర్రున జారింది. గోడంతా గరుకు, నా భుజమెత్తున అక్కడొక్కచోటే అద్దంలా నునుపు.

"ఏవండీ, ఇటు రండి. నాలాంటి మోకాళ్ళవాళ్ళంతా ఇక్కడే పట్టుకున్నట్టున్నారు."

వచ్చి అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తియ్యలేదు. "వాన వేశాను, ఎండ వేశాను, నాచు వేశాను," అన్నాడు మెల్లగా. "మనుషుల్ని వెయ్యలేదే."

ఇంక ఆయన్ని పట్టలేకపోయాను. ఎక్కడ మెట్టు నడుమ అరిగిందో, ఎక్కడ మూల నున్నబడిందో అన్నీ తడుముతూ తిరిగాడు. పైన కూలిన మహల్లో పులిహోర డబ్బా విప్పితే తినడానికి కూడా రాలేదు. ఆయన వాటా కూడా నేనే కానిచ్చాను.

మూడింటికి తిరుగు రైలు. పొద్దుటి పెద్దమ్మే, ఖాళీ గంపతో.

"చూసిన్రా గోడలు? ఎట్లున్నయి?"

"నున్నగా ఉన్నాయమ్మా," అన్నాడు మా ఆయన. సికింద్రాబాదులో మారి ఎక్కిన లోకల్ రైల్లో సీటున్నా కూర్చోలేదు. తలుపు దగ్గర కడ్డీకి చేతులు పట్టిన చోట మాత్రమే రంగు పోయి ఉంది. బోరబండ దాకా దాన్ని నిమురుతూ నిలబడ్డాడు.

సోమవారం తెల్లారకముందే ఉప్పుకాగితం, నూనె రంగు పట్టుకుని సెట్టుకి పరిగెత్తాడు. పదింటికి నేను క్యారేజీ తీసుకెళ్ళాను. ఆర్ట్ డైరెక్టరు వచ్చి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ, చూసుకోకుండానే గుమ్మానికి చెయ్యి ఆనించాడు. సరిగ్గా మా ఆయన నునుపు చేసిన చోటే. ఫోను పెట్టేసి గోడని ఎగాదిగా చూశాడు.

"ఏదో మారింది మేస్త్రీగారూ, ఏంటో తెలీట్లేదు. ఇలాగే ఉంచేయండి." చెయ్యి తీసి చూసుకుంటే అరచేతి నిండా రంగు.

"ఎనిమిది వందల ఏళ్ళదండీ," అన్నాడు మా ఆయన, "ఇంకా ఆరలేదు."

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. వచ్చేపోయే చుట్టాల చేతులు పట్టీ పట్టీ మీ ఇంటి గుమ్మం కూడా అలా నున్నబడాలి, మీ మోకాళ్ళు మాత్రం పదికాలాలు గట్టిగా ఉండాలి.