ఆవిరక్క కలబంద

ఆ ఇస్త్రీ దుకాణంలో ఎప్పుడూ సన్నటి ఆవిరి తేలుతూ ఉంటుంది. బల్ల మీద చొక్కా, చొక్కా మీద పెట్టె, ఆ వెనక ఆవిడ. వీధంతా ఆమెను ఆవిరక్క అంటారు. నా బట్టలు ఎప్పుడో మడత పడి ఉంటాయి, అయినా బెంచీ మీంచి లేవబుద్ధి కాదు. తడిబట్ట వేడికి వదిలే వాసనలో కూర్చుంటే కళ్ళు తెరిచి ఉండగానే కల కనవచ్చు.

కిటికీ గట్టు మీద అరచేతిలో పట్టేంత కలబంద ఉండేది. ముఖానికి, జుట్టుకు రాసుకునే పెద్ద రకం కాదు, దాని బుల్లి చెల్లెలు. బొటనవేలంత ఆకులు పువ్వులా విచ్చుకుని, ఒక్కో ఆకు మీద అడ్డంగా తెల్లటి చుక్కల బారులు. ఆ చుక్కలు ఉబ్బెత్తుగా వేలికి తగులుతాయి.

అది ఆవిరక్క అత్తగారిది. ఒకప్పుడు ఆమె బట్టల మీద ముడికుట్లు కుట్టేది. చూపు మసకబారి, తర్వాత పూర్తిగా పోయాక వేళ్ళకు పని లేకుండా పోయింది. పొద్దున్నే కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఆకులు తడుముతూ, "ఎవరు కుట్టారో గానీ, ఒక్క ముడీ జారలేదు," అనేది. ఇక ఆ రోజంతా కబుర్లే. మొక్క చేతికి అందని రోజు మాత్రం గోడవైపు తిరిగి పడుకునేది. అన్నానికీ లేచేది కాదు.

అందుకే కోడలు దాన్ని కంటికి రెప్పలా చూసుకుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఒక పొద్దున అత్తగారి వేళ్ళు ఆగిపోయాయి.

"అమ్మాయ్, కింది ఆకు మెత్తబడిందే. మిగలపండిన పండులా ఉంది."

ఆవిరక్క పట్టుకుంటే ఆకు ఊడి చేతిలోకి వచ్చింది. పుల్లటి కుళ్ళు వాసన. పక్క దుకాణం దర్జీ తొంగి చూశాడు.

"ఎన్నిసార్లు నీళ్ళు పోస్తావక్కా?"

"నేనెక్కడ పోస్తున్నాను తమ్ముడూ? గ్లాసు పట్టుకోగా ఎప్పుడైనా చూశావా?"

అంటూనే గిన్నెలో వేళ్ళు ముంచి, బల్ల మీది చొక్కాకు నీళ్ళు చిలకరించింది. వేళ్ళకు మిగిలిన తడిని కుండీ మీద విదిలించింది. బట్టబట్టకూ అంతే, ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి.

"పొయ్యవులే," అన్నాడు దర్జీ. "స్నానం చేయిస్తావు."

నాకు నవ్వొచ్చింది. ఆమె తన చేతిని పరాయి చేతిలా చూసుకుంటుంటే ఆపుకున్నాను.

దర్జీ తన బ్లేడు తెచ్చిచ్చాడు. మొక్కను కుండీలోంచి తీసి నల్లబడిన వేర్లు, కుళ్ళిన మొదలు కోసేస్తే, పైన గుప్పెడు ఆకులు మిగిలాయి.

"గాయం ఎండాలి. అందాకా మట్టీ వద్దు, నీళ్ళూ వద్దు."

"నీళ్ళు లేకుండా ఎలా బతుకుతుందిరా?"

"ఆకుల నిండా దాచుకుందిగా. దాని మూట దానికుంది."

మడతబట్టల పక్కన కాగితం పరిచి పడుకోబెట్టింది. మర్నాడు అత్తగారి చెయ్యి ఖాళీ గట్టు మీద అటూ ఇటూ తిరిగింది.

"పోయిందా? ఉన్నమాట చెప్పు."

"లేదత్తయ్యా, ఆరబెట్టాను."

"ఏదీ, ఇలా ఇవ్వు."

"తడి తగలకూడదట."

"తడి నా చేతులకా, నీ చేతులకా?"

 కోడలు చేతులు తుడుచుకుని, కాగితంతో సహా తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. ఆ ఇంట్లో నీళ్ళ జోలికి పోని చేతులు ఆ రెండే.

ఆ రోజు నుంచి కాపలా అత్తగారిదే. కోడలు దగ్గరికొస్తే చాలు, "దూరం, దూరం," అనేది. మధ్యాహ్నాలు ఆవిరి పైకప్పు దాకా మెల్లగా లేస్తుంటే, ఆమె కునుకు తీసేది. నిద్రలోనూ వేలు మొక్క అడుగునే ఉండేది. గాయం మీద పొర కట్టింది. చుట్టూ ఆకులు కాస్త ముడుచుకున్నాయి. బతుకుతుందని గట్టిగా ఎవరమూ అనలేకపోయాం.

ఒకనాడు నా చొక్కా సగంలో ఉండగా అత్తగారు కళ్ళు మూసుకునే అంది: "గరుగ్గా ఏదో పొడుచుకొస్తోంది."

ఆవిరక్క పెట్టె వదిలేసి పరుగెత్తింది. తెల్లటి వేరు, బియ్యపు గింజంత.

"ఇసుక కావాలి," అంది అత్తగారు. "నువ్వు కాదు, దర్జీని తెమ్మను. నువ్వెళ్ళి ఆ చొక్కా చూసుకో, మాడు వాసనొస్తోంది."