తర్జుమా అయిన వేళాకోళం

అతన్ని అందరూ దుబాసీ అంటారు. ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గాని, హాజరు పట్టీలో తప్ప అది ఎక్కడా అక్కరకు రాలేదు. విశ్వవిద్యాలయంలో భాషల విభాగం వెనక ఒక రికార్డింగు గది ఉంది. గోడల నిండా గుంటలు గుంటలుగా బూడిదరంగు స్పాంజి, మధ్యలో అద్దం, అద్దానికి ఇవతల మీటలు, అవతల రెండు కుర్చీలు. ఆ గది తాళంచెవి ఏళ్ళ తరబడి అతని మొలలోనే ఉంది. గది తుడవడం, తీగలు చిక్కుపడకుండా చుట్టి పెట్టడం, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చి ‘ఇక మాట్లాడండి’ అని చేత్తో సైగ చేయడం అతని ఉద్యోగం. దుబాసీతనం ఉద్యోగంలో భాగం కాదు, పుట్టుకతో వచ్చింది. అతనిది కొండమాట మాట్లాడే జనం. తాతల నాడే కొండ దిగి, బస్సు డిపో వెనక రేకుల ఇళ్ళ వీధి కట్టుకున్నారు. మనుషులు దిగారు గాని మాట ఇంకా దిగలేదని అతనే అంటుంటాడు.

నేను తిరిగిన రేవుల్లో, సంతల్లో దుబాసీలను చాలామందిని చూశాను. పాత చరిత్రలు తిరగేసినా వాళ్ళే తగులుతారు. రాజు పక్కన ఒకడు, రాయబారి పక్కన ఒకడు, ఇద్దరికీ పేరుండదు. యుద్ధం వస్తే తప్పు వాళ్ళది, సంధి కుదిరితే గొప్ప రాజుది. రెండువైపులా వాయింపు తప్పని మద్దెల బతుకు. ఒక రేవులో నాకు తెలిసిన దుబాసీ ఒకడు, బేరం చెడుతోందనిపిస్తే అటు తిట్టును ఇటు పొగడ్తగా మార్చి సరుకు దింపించేవాడు. మన దుబాసీ అలాంటివాడు కాడు. విన్నది విన్నట్టే చెబుతాడు. అతని కొంప ముంచింది ఆ నిజాయితీయే.

ఆ ఏడాది, డిపో వెనక బడిలో మొదటి తరగతి పిల్లలకు కొండమాటలోనే పాఠాలు చెప్పాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంతకు ముందు ఎన్నడూ లేదు. కొండవాళ్ళ పిల్లలు మొదటి ఏడాదంతా పంతులమ్మ మూతి వంక చూస్తూ కూర్చునేవాళ్ళు. రెండో ఏడాదికి సగంమంది బడి మానేసేవాళ్ళు. వాచకం తయారుచేసే పని భాషల విభాగం పెద్ద మేడం మీద పడింది. వాచకం పనిలో సాయపడిన కొండమాట మనిషినే పంతులుగా వేస్తారన్నారు. అది దుబాసీ కోసమేనని వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. రెండు మెలికలున్నాయి. బడి తెరిచేనాటికి పుస్తకం చేతిలో ఉండాలి. ఆ ఏడాది దాటితే దుబాసీకి కొత్త ఉద్యోగం చేరే వయసు దాటిపోతుంది.

“ఇకమీదట నన్ను పంతులుగారి భార్య అనాలి, ముందే చెబుతున్నా” అని అతని భార్య కుళాయి దగ్గర అందరికీ చెప్పేసింది.

వాచకంలోకి కొండ సంగతులు కావాలి: ఆకులు, వానలు, పురుగులు, పిట్టలు. ఎవరిని అడగాలి? దుబాసీ మేనత్తనే. ఆ వీధిలో నార తాళ్ళు పేనే చివరి మనిషి ఆమె. డెబ్బై దాటినా పళ్ళన్నీ ఉన్నాయి, నోరు అంతకంటే గట్టిగా ఉంది. మేడం ఆమెను కారులో తీసుకొచ్చి అద్దం అవతల కూర్చోబెట్టింది.

“వాన వస్తుందని మీవాళ్ళకి ఎలా తెలుస్తుంది?” అని మేడం అడిగింది. దుబాసీ దాన్ని కొండమాటలోకి మార్చాడు.

“మా ఆయన చొక్కా ఉతికి ఆరేస్తే చాలు, ఎంత ఎండైనా మబ్బు పట్టేసేది” అంది అత్త.

మేడం ఒక వెడల్పాటి ఆకు చూపించింది. “ఇది దేనికి పనికొస్తుంది?”

“అల్లుడి వాగుడు తగ్గడానికి. నాలుగాకులు నమిలిస్తే నెల తిరిగేదాకా నోరెత్తడు.”

దుబాసీ అన్నీ ఉన్నవున్నట్టు తర్జుమా చేశాడు. మైకులో పడుతుందని నవ్వు కూడా బిగబట్టుకున్నాడు. ఆ పూటంతా అలాగే గడిచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తాడు పేనాలంటే ఇద్దరు కావాలి. ఒకరు నార అందిస్తూ పురి పెడుతుంటే, రెండోవారు కొస పట్టుకుని, బిగువు సడలకుండా వెనక్కి నడవాలి. కొండవాళ్ళలో పెద్దవాళ్ళను ఏదైనా అడగాలనుకుంటే వెళ్ళి ఆ రెండో కొస పట్టుకుంటారు. తాడు లేకపోతే పప్పు ఏరుతారు, పుల్లలు విరుస్తారు. పని అందుకున్నవాడికే అసలు జవాబు. ఊరికే వచ్చి అడిగినవాడికి వేళాకోళం. అందులో అవమానం ఏమీ లేదు, కూర్చోమని పీట వేయడం లాంటిది. మేడం చదువులోని నియమం దీనికి సరిగ్గా తలకిందులు. పని చేసేవాళ్ళను దూరం నుంచి చూడాలి, చెయ్యి పెట్టకూడదు, పెడితే చూసేది చెడిపోతుంది. ఆ నియమమూ ఊరికే పుట్టలేదు. ప్రతిదాంట్లో వేలు పెట్టి పాడుచేసిన పెద్దమనుషులను నేనూ చూశాను.

దుబాసీ మాత్రం ఇదంతా మొదటి రోజు ముచ్చటే అనుకున్నాడు. రేపో ఎల్లుండో మేడం ‘పద, మీ అత్త ఇంటికి’ అంటుందని చూస్తూనే ఉన్నాడు. అనలేదు. తను గుర్తుచేస్తే పెద్దావిడకు పాఠం చెప్పినట్టుంటుందని ఊరుకున్నాడు. వేసవి వచ్చింది. అచ్చుకు వెళ్ళబోయే పేజీలు, తప్పులు చూడమని, అతని బల్ల మీదికే వచ్చాయి.

ఆకు బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. దాని కింద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: ‘ఎక్కువగా మాట్లాడేవారికి ఈ ఆకు మంచి మందు. నాలుగు ఆకులు నమలాలి.’ దుబాసీ ముందు పకపకా నవ్వాడు. తర్వాత ఆ వాక్యం మళ్ళీ చదివాడు. ఆ ఆకు వెచ్చజేసి వాచిన మోకాలికి కట్టేది. నోట్లో పెట్టుకుంటే నాలుక పొంగి ఊపిరాడదు. డిపో వెనక కంచె పొడవునా ఆ తీగే.

పేజీలు పట్టుకుని ఇంటికి వచ్చాడు.

“నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?” అంది భార్య.

“రెండూ.” సంగతంతా చెప్పాడు.

“ఆ ఒక్క పేజీ తీసెయ్యమను.”

“ఒక్క పేజీ కాదే. పుస్తకం పుస్తకమంతా అత్త ఎకసెక్కమే. కొన్నిచోట్ల ఏది నిజమో నాకే తెలీట్లేదు.”

“చెబితే అచ్చు ఆగిపోతుందా?”

“ఆగుతుంది.”

“నీ వయసు ఆగుతుందా?”

“ఆగదు.”

“చెప్పకపోతే?”

“మన వీధి పిల్లల్లో వాగుడుకాయ కానిదెవరు? ఒకరి చేత ఒకరు నమిలించేస్తారు.”

ఆమె గిన్నె మీద మూత పెట్టింది. “వెళ్ళి చెప్పు. గడ్డం గీసుకుని మరీ వెళ్ళు. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకునేవాడు కాస్త శుభ్రంగా కనబడాలి” అంది.

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “అంటే తర్జుమా తప్పా?”

“లేదండి. తర్జుమా సరిగ్గానే ఉంది. ఆ మాటలే ఉత్తుత్తివి.”

“ఆ రోజే ఎందుకు చెప్పలేదయ్యా?”

“మీరు మళ్ళీ వస్తారనుకున్నాను మేడం. మావాళ్ళలో మొదటి రోజు మాటని ఎవరూ పట్టించుకోరు.”

“మావాళ్ళలో దాన్నే అచ్చేస్తారు.” ఆమె పేజీలు మొదటి నుంచి ఒక్కొక్కటే తిప్పింది. వాన పేజీ దగ్గర ఆమెకూ నవ్వు ఆగలేదు. “ఆవిడ అంత నవ్వుతుంటే సంతోషంగా ఉంది కాబోలనుకున్నాను. నువ్వు తెలిసీ నోరు విప్పలేదు, నేను తెలియక అడగలేదు. ఇద్దరం కలిసి మంచి వాచకమే చేశాం.” ఫోను తీసి ముద్రాపకుడితో పని ఆపమంది. పెట్టేశాక, “నీ సంగతి తెలుసు కదా? పుస్తకం లేకపోతే పోస్టు లేదు” అంది.

“తెలుసండి.”

మర్నాడు మేడం, దుబాసీ చెప్పగా, అత్త వాకిట్లో తాడు కొస పట్టుకుని నిలబడింది. బిగువుగా లాగితే వేళ్ళు కమిలాయి, వదులు చేస్తే తాడు పాములా మెలికలు తిరిగింది.

“ఒరేయ్, వెనక్కి నడవమంటే పక్కకి నడుస్తోందేరా? పీత జాతా ఏంటి మీ మేడం?” అంది అత్త, ఒక చేతి వేళ్ళు పీత కాళ్ళలా పక్కకి ఆడిస్తూ.

“కాస్త నిటారుగా నడవమంటోందండి” అన్నాడు దుబాసీ. పుట్టాక అతను చేసిన మొదటి తప్పుడు తర్జుమా అదేనేమో.

“పీత అంది కదూ? ఆ చెయ్యి తిప్పుడు నాకు అర్థమైందిలే” అంది మేడం.

తాడు బారెడు సాగాక అత్త ఆకు సంగతి చెప్పింది, ఎలా వెచ్చజేయాలో, ఎందుకు నోట్లో పెట్టుకోకూడదో. పిట్టల గురించి కొంత చెప్పింది. వాన దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. “చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కితే వానంటారు. నేను పుట్టింది డిపో వెనకే కదమ్మా. ఇక్కడి చీమలు టీ కొట్టు చక్కెర కోసం ఎక్కుతాయి. మా అమ్మకి తెలుసు. అడగొచ్చు, కానీ ఆ వయసులో నాకు సినిమాల పిచ్చి.” ఇందులో వేళాకోళం లేదని దుబాసీ విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

మేడం వారానికోసారి వచ్చింది. పుస్తకం సగానికి సగం చిక్కిపోయింది, ఆలస్యమూ అయింది. ఆ ఏడాది బడి కొండమాట లేకుండానే తెరిచారు. పిల్లలు మళ్ళీ పంతులమ్మ మూతి చూస్తూ కూర్చున్నారు. మరుసటి ఏటికి వాచకం వచ్చింది, పోస్టూ వచ్చింది. దుబాసీ వయసు దాటిపోయింది. చివరింటి కోడలు ట్రైనింగు పాసైంది గనక ఆ అమ్మాయిని వేశారు. సాయంత్రాలు ఆమెకు కొండమాట పలుకులు దిద్దింది దుబాసీయే. అతని భార్య కుళాయికి మధ్యాహ్నం వేళ, ఎవరూ లేనప్పుడు వెళ్ళడం మొదలుపెట్టింది.

బడి తెరిచిన మొదటి వారంలో ఒకరోజు దుబాసీ చుట్టుదారిన ఆఫీసుకు బయలుదేరాడు. కిటికీ పక్కన ఆగాడు. లోపల ఆకు పాఠం నడుస్తోంది. “నోట్లో పెట్టుకోకూడదు” అని ఆ అమ్మాయి అంటే, పిల్లలు కొండమాటలో గోల గోలగా అందుకున్నారు. ఎవరో పిల్ల, “మా మామ్మ కట్టుకుంటుంది, కంపు కొడుతుంది” అని అరిచింది. ఆ అమ్మాయి ఒక మాట దీర్ఘం తీయాల్సిన చోట పొట్టిగా పలికేసింది. దుబాసీ పెదవులు కదిలాయి గాని అతను లోపలికి వెళ్ళలేదు.

ఆఫీసు చేరేసరికి మేడం హాజరు పట్టీ ముందు పెట్టుకుని కూర్చుంది. “ఆలస్యమైందేం?”

“బడి మీదుగా వచ్చానండి.”

“ఎలా చెబుతోంది?”

“బాగానే చెబుతోంది. నాకంటే గొంతు పెద్దది.”

మేడం తలూపింది. అతని పేరు ఎదురుగా ఎర్ర గీత మాత్రం పెట్టింది.