రమణ చేయని తప్పు

ఏళ్ళుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మోసీ మోసీ అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో.

విజయనగరంలో ఓ చిన్న ఆఫీసు. దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి, వాటిని చూసుకునేవాళ్ళం. సర్వర్ల పని నాదీ, రమణదీ. వాడిది సాలూరు వైపు. చుట్టరికం లేకపోయినా బావా అనే పిలుచుకునేవాళ్ళం.

రాజాంలోని ఒక బట్టల వ్యాపారి పొందూరు ఖద్దరును మా సైటు ద్వారా అమ్మేవాడు. సైటు అసలైనదేనని, సురక్షితమని బ్రౌజర్‌కు చూపించేది సెక్యూరిటీ సర్టిఫికెట్; ఆ సైటుకు ఉచితంగా దొరికేది వాడాం. అది మూడు నెలలే పనిచేస్తుంది. గడువు దగ్గరపడగానే సర్వర్ తనంతట తానే కొత్తది తెచ్చుకునేలా రమణ కమాండ్ రాసిపెట్టాడు. నా పక్కనే కూర్చుని రాశాడు. ఒకసారి నడిపి చూపించాడు కూడా. బాగానే నడిచింది.

తర్వాత ఓ మధ్యాహ్నం, సర్వర్‌కు భద్రత పెంచుదామనుకుని, బయటి నుంచి దానిలోకి వచ్చే దారుల్లో, అంటే పోర్టుల్లో, అక్కర్లేదనిపించినవన్నీ మూసేశాను. ఎనభయ్యో పోర్టు కూడా. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఆ దారినే వచ్చి, సైటు మనదేనని చూసుకుని కొత్తది ఇస్తారు. దారి మూస్తే ఇవ్వరు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణంలో తట్టలేదు. ఎవరికీ చెప్పనూ లేదు.

పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. సైటు తెరిచినవాళ్ళకల్లా ఇది సురక్షితం కాదన్న హెచ్చరిక కనిపించింది. దొంగ సైటేమోనని జనం ఆర్డర్లు రద్దు చేసుకున్నారు. వ్యాపారి ఫోన్ చేసి మా ఓనరును దులిపేశాడు.

ఆ కమాండ్ రాసింది తనే కాబట్టి రమణ ఓనరు గదిలో తిట్లు తింటూ నిలబడి ఉండగా, నేను నా సీట్లో కూర్చుని రెన్యూవల్ కమాండ్ కొట్టాను. ఫెయిలైంది. కారణం తెర మీదే ఉంది. పోర్టు తెరిచి మళ్ళీ కొట్టాను. కొత్త సర్టిఫికెట్ వచ్చేసింది. ఎంత సులువు! అప్పుడే లేచి ఆ గదిలోకి వెళ్ళి ఉంటే?

రమణ బయటికొచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"బావా, నాను రాసింది సరిగ్గానే ఉన్నాది కదా. నువ్వు సూసావు కదా. సర్వర్‌లో ఏటైనా మార్సావేటి?"

"నానేటి మారుస్తాను? నాకేటీ తెల్దు."

"మరి నాను రాసినప్పుడు నడిసింది కదా?"

"గుర్తు లేదు బావా."

వాడు నా ముఖంలోకి చూడలేదు. నమ్మాడు కాబట్టి చూడాల్సిన అవసరం వాడికి కనిపించలేదు. ఆ వారమే వాడి ఉద్యోగం పోయింది. సైటును క్షణంలో బాగుచేశానని ఓనరు నన్ను మెచ్చుకున్నాడు. నేను తల దించుకుంటే వినయం అనుకున్నాడు.

భయపడ్డానా? అవును. కానీ భయం ఆ ఒక్క రోజుదే. మిగతా రోజులన్నిటికీ ఏం పేరు పెట్టుకోను? చెప్పకపోవడం మెల్లగా అలవాటైపోయింది, అంతే.

ఈ మధ్య సాలూరు వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. వాడు తన మేనమామ లారీ ఆఫీసులో లోడింగ్ పనులు చూస్తున్నాడు. నన్ను చూసి సంతోషంగా లేచాడు, టీ తెప్పించాడు. మళ్ళీ సర్వర్ల పనిలోకి ఎందుకు రాలేదని అడిగాను.

"బయమేసింది బావా. ఏటో తప్పు సేసుంటాను. ఎంత ఆలోసించినా ఏటో తెల్లేదు. తెలీకుండా మళ్ళీ సేసెత్తే?"

ఉద్యోగం ఒక్కటే తీశాననుకున్నాను ఇన్నాళ్ళూ. వాడికి తన చేతిమీద ఉన్న నమ్మకాన్నీ తీశానని అప్పుడు తెలిసింది. తెలిసీ, టీ తాగేసి, బస్సెక్కి వచ్చేశాను.

వాడికి ఎప్పటికైనా చెప్తానా? నా మీద నాకు నమ్మకం లేదు. క్షమించమని మిమ్మల్ని అడగడమూ లేదు, అది మీరు ఇవ్వగలిగేది కాదు. ఒక్కసారి ఉన్నదున్నట్టు రాయాలనిపించింది. రమణ రాసిన కమాండ్‌లో ఏ తప్పూ లేదు. పోర్టు మూసింది నేను.