కలెక్టరుగారి తుపాకీ

మా అత్తగారు అమెరికాలో మా ఊరు అల్ఫారెట్టా వచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళారు. రెండు కార్లనీ ఎగాదిగా చూసి, వంటింట్లోకొచ్చి నన్నడిగారు: "మరి నీ జీపేదమ్మాయ్?"

జీపేమిటో నాకర్థం కాలేదు. మాకున్నవి ఆఫీసుకీ ఇండియన్ స్టోర్‌కీ బుద్ధిగా వెళ్ళొచ్చే బండ్లు రెండే. అదే చెప్పాను.

"అది కాదమ్మా, గవర్నమెంటు జీపు. ఇక్కడ కలెక్టర్లకి ఇవ్వరా ఏంటి?"

పక్కనే ఇడ్లీ తింటున్న మావారికి పొలమారింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆమధ్య ఆయన కాకినాడకి ఫోన్ చేసి, "అమ్మా, నీ కోడలికి కలెక్టర్ లైసెన్స్ వచ్చింది" అన్నారట. సిగ్నల్ సరిగ్గా లేక ఆవిడకి వినబడినవి ‘కోడలు’, ‘కలెక్టర్’ అన్న రెండు మాటలే. ఇంకేం కావాలి? అపార్ట్‌మెంటంతా కాజాలు పంచేశారు. అందరికన్నా ముందు తన వదినగారికి, అంటే మా మామగారి అక్కకి, ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆ వదినగారి కొడుకు డాక్టరు. ఆ మాట ఏళ్ళ తరబడి విని విని అత్తగారి చెవులు చిల్లులు పడ్డాయి. ఇన్నాళ్ళకి ఒక కలెక్టరు దొరికింది. ఆ సంబరం చూసి, నిజం తర్వాత మెల్లిగా చెబుదాంలే అని ఇద్దరం వాయిదా వేశాం.

ఇక్కడి కలెక్టరు వేరు. సైన్యాలు తమకిక అక్కర్లేదని గోదాముల్లోంచి అమ్మేసిన పాత రైఫిళ్ళని సేకరించేవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వం ఒక లైసెన్సు ఇస్తుంది. అది చేతిలో ఉంటే యాభై ఏళ్ళు దాటిన తుపాకీని నేరుగా ఇంటికే తెప్పించుకోవచ్చు. నాకు వచ్చింది అదే.

ఆడపిల్లకి తుపాకులేమిటని మీరూ అనుకుంటారేమో, అనుకోండి. నేను ముచ్చటపడి చదివింది మెకానికల్. అందరిలాగే నన్నూ తెచ్చి సాఫ్ట్‌వేర్‌లో పడేశారు. కాలేజీ వర్క్‌షాప్ తర్వాత నా చేతికి గ్రీజు అంటిందే లేదు. ఒకసారి ఆఫీసువాళ్ళంతా కలిసి షూటింగ్ రేంజ్‌కి వెళ్ళినప్పుడు, మా టీమ్‌లో పెద్దాయన ఒక పాత యుద్ధకాలపు రైఫిల్ నా చేతికిచ్చారు. తూటాని లోపలికి తోసే బోల్ట్‌ని వెనక్కి లాగి ముందుకు తోస్తే ‘ఠక్’మని కూర్చుంది. అంతే, నేను దాని ప్రేమలో పడిపోయాను. కాల్చడం మీద నాకు మోజు లేదు. ఆ ఇనుమూ, ఆ కర్రా, ఒకదానిలో ఒకటి అంత కచ్చితంగా ఇమిడిన తీరూ నాకు కావాలి. హెచ్-వన్ వీసా మీద ఉన్నన్నాళ్ళూ కొనే వీల్లేక, గన్ షోలకెళ్ళి చూసి రావడమే. గ్రీన్‌కార్డ్ వచ్చాక లైసెన్సుకి అప్లై చేశాను. అత్తగారు దిగిన వారానికే నా మొదటి రైఫిల్, రెండో ప్రపంచయుద్ధం నాటి రష్యాది, పొడుగాటి అట్టపెట్టెలో వచ్చింది.

పెట్టె విప్పేసరికి గరాజ్ అంతా గ్రీజు కంపు. తుప్పు పట్టకుండా నాటి సైనికులు పూసిన గోధుమరంగు జిడ్డు, బంకలా పట్టేసి ఉంది. నాకది అత్తరులా అనిపించింది. అత్తగారు మాత్రం గుమ్మంలోనే నిలబడిపోయారు.

"నీ కలెక్టరీ అంటే ఇదా?"

"అవునండి అత్తయ్యగారూ."

ఆవిడ కోప్పడలేదు. కుర్చీలో కూలబడ్డారు. వదినగారు అప్పటికే అమెరికాలో, ఇక్కడికి గంట దూరంలో ఉన్న కొడుకింట్లో ఉన్నారు. ఆదివారం ‘కలెక్టరుగారి ఇల్లు’ చూడ్డానికి భోజనానికి వస్తున్నారు. "ఆవిడొచ్చేలోగా ఇది ఇంట్లోంచి వెళ్ళిపోవాలి. లేదంటే నేను తల ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. మావారు వెంటనే తల్లి పక్కకి జరిగారు. ఊళ్ళోని తుపాకుల షాపువాడికి ఇచ్చేద్దాం, తర్వాత ఇంకోటి కొనుక్కోవచ్చు అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్నది, నాలుగు రోజులైనా నా దగ్గర ఉండకుండానే పోతోంది.

"సరే, ఇచ్చేస్తాను. కానీ ఈ మురికితో పంపను" అన్నాను.

ఆ మాట అత్తగారికి నచ్చింది. మురికంటే ఆవిడకి పడదు. శనివారం నేను గరాజ్‌లో పాత దుప్పటి పరిచి పని మొదలుపెడితే, కాసేపు దూరం నుంచి చూసి, కొంగు దోపుకుని వచ్చేశారు. ఇనుప భాగాలు మరిగే నీళ్ళతో శుభ్రపడ్డాయి. కర్ర మాత్రం లొంగలేదు. జిడ్డు లోపలికంటా ఇంకిపోయింది. ఎంత తుడిచినా ఎండలో పెట్టగానే మళ్ళీ చెమట పట్టినట్టు పైకి ఊరుతోంది.

"దీనికి గుడ్డ చాలదమ్మాయ్. నలుగు పెట్టాలి."

సూట్‌కేసులోంచి సున్నిపిండి డబ్బా తెచ్చారు. కాకినాడలో స్వయంగా ఆడించుకొచ్చిన పిండి. తడిపి కర్ర నిండా దట్టంగా పట్టించి, జార్జియా ఎండలో ఆరబెట్టి, పిల్లలకి రుద్దినట్టు రుద్దారు. జిడ్డంతా పిండితో పాటు ఉండలు ఉండలుగా రాలింది. నేను చప్పట్లు కొట్టాను.

అప్పుడే కనబడ్డాయి అంకెలు. గొట్టం మీదా, బోల్ట్ మీదా, భుజానికి ఆనించే చివరనున్న ఇనుప రేకు మీదా ఒకే నంబరు. నేను కేకేశాను.

"ఏంటే, చెయ్యి తెగిందా?"

"కాదండి! అన్ని భాగాల మీదా ఒకటే నంబరు! ఇన్ని చేతులు మారాక ఇలా దొరకడం అదృష్టం."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంకెల్ని ఒక్కొక్కటే వేలితో తడుముతూ చదివారు. "అవునే, అన్నీ కలిశాయి" అన్నారు, పెళ్ళిచూపుల్లో జాతకాలు చూసిన గొంతుతో. ఆ సాయంత్రం దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఆవిడతో అంత సంతోషంగా గడపడం నాకదే మొదలు.

కర్ర పూర్తిగా ఆరాక తెలిసింది, పచ్చగా ఉందని. సున్నిపిండిలో పసుపుంది మరి. ఎంత తుడిచినా వదల్లేదు. సైన్యం వదిలినప్పటి రంగు అలాగే ఉండాలంటారు సేకరించేవాళ్ళు. ఫోటో పంపితే షాపువాడు నవ్వే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. "ఇంక ఎవడూ కొనడు" అని మావారు తేల్చేశారు. అత్తగారి ముఖం చిన్నబోయింది. నేను చిన్నబోయినట్టు నటించాను.

ఆదివారం, పేలే వీల్లేకుండా బోల్ట్ తీసి సేఫ్‌లో పెట్టి తాళం వేశాను. రైఫిల్ గరాజ్ బల్ల మీదే ఉండిపోయింది. దాని మీద దుప్పటి కప్పుదామనుకునేలోపే వదినగారి కారు వచ్చేసింది. మనవాళ్ళెవరు ముందు గుమ్మం నుంచి వస్తారు? చెప్పులు గరాజ్‌లో విప్పుతూ ఆవిడ తలెత్తారు. బల్ల మీద పచ్చటి తుపాకీ.

ఆవిడ దాన్ని చూశారు, నన్ను చూశారు, అత్తగారిని చూశారు. "కోడలు కలెక్టరన్నావు కదే. మరి బంట్రోతేడీ? గన్‌మేనేడీ?"

నిజం చెప్పేసి తప్పు నా మీద వేసుకుందామని నోరు తెరిచాను. అత్తగారు నాకన్నా ముందు అందుకున్నారు.

"గన్‌మేనెందుకు వదినా? మా అమ్మాయికి గన్నే ఉంది!"

అత్తగారు ఆగలేదు. "జిల్లా కలెక్టరు కాదులే. ఫోన్‌లో నాకు సగమే వినబడింది. పాత తుపాకులు కలెక్ట్ చేసే కలెక్టరు. గవర్నమెంటువాళ్ళే ఇచ్చారు లైసెన్సు. ఇదిగో, ఈ నంబరు చూడు, ఇదీ ఇదీ కలిశాయి. అలా దొరకడం ఎంత అదృష్టమో తెలుసా? నలుగు నేనే పెట్టాను."

వదినగారు ముందు నోరు నొక్కుకున్నారు, తర్వాత పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి ఎంతుందో నాకు తెలీదు. వెళ్ళేముందు మాత్రం రైఫిల్ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు.

కారు మలుపు తిరిగాక నేను అత్తగారిని గట్టిగా వాటేసుకున్నాను. అలాంటివి ఆవిడకి అలవాటు లేదు. అయినా విడిపించుకోలేదు. తర్వాత వంటింట్లో గిన్నెలు సర్దుతూ, "అమ్మాయ్, నెక్స్టుదానికి పసుపు లేకుండా ఆడిద్దాం పిండి" అన్నారు.

"నెక్స్టుదా?" అన్నారు మావారు.

"కలెక్టరన్నాక ఒక్కటుంటే ఏం బావుంటుందిరా?" అన్నారు అత్తగారు.