నాచారంలో నేను కనిపెట్టిన ఆవు వైరస్

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఒక్కటే, నాకేమీ తెలియదన్న సంగతి. ఉప్పల్‌లోని ఒక ప్రయోగశాలలో ఆరు నెలల కొలువు. విరేచనాలైన పసిపిల్లల ఇళ్ళకు వెళ్ళి నమూనాలు (భోజనం చేస్తున్నవారు కాసేపాగి చదవండి) డబ్బాలో తెచ్చి, అందులోని వైరస్ జన్యువులు ఏడాదికేడాది ఎలా మారుతున్నాయో చూడడం మా పని. ఆరో నెల నడుస్తోంది. కొలువు పొడిగించాలంటే ప్రయోగశాల నడిపే మేడమ్ కంట్లో పడాలి.

సరిగ్గా అప్పుడే, నాచారం నుంచి తెచ్చిన ఓ నెలన్నర పాప నమూనాలో ఆవుల వైరస్ జన్యువులు బయటపడ్డాయి. ఆవు నుంచి పాపకు పాకిన కొత్త వైరస్, కనిపెట్టింది నేను. అన్నం సయించలేదు. బస్సెక్కి నాచారం పోయాను. పాప అప్పటికే తేరుకుని నానమ్మ ఒళ్ళో కాళ్ళాడిస్తోంది.

"ఇంట్లో ఆవుగానీ గేదెగానీ ఉందా అమ్మా?"

"మూడో అంతస్తుల బర్రెనెట్ల కడ్తం బిడ్డా. లిఫ్టు గూడ లేదు. గీ కార్డు జర సూడు."

"కార్డు తర్వాత చూస్తాను. ఆవు పక్కకైనా ఎప్పుడైనా వెళ్ళిందా పాప?"

"పాల పాకెట్టు మీద ఆవు బొమ్మ ఉంటది. గది నడుస్తదా?"

నడవలేదు. రెండు వీధుల అవతల ఓ కొట్టం ఉందని తెలిసి అక్కడికి వెళ్ళాను. పేడ కావాలంటే యజమాని నన్ను ఎగాదిగా చూసి, "పిడకలా, పచ్చిదా?" అన్నాడు. పచ్చిదే తీసుకున్నాను. ఆవు తోకతో నా చెంప మీద రసీదు ఇచ్చింది.

సోమవారం సమావేశంలో, ఆవు వైరస్ మీద రాసిన నా నాలుగు పేజీలూ చదివి వినిపించాను. అంతా విని, మా సీనియర్ (అందరం పెద్దన్న అనేవాళ్ళం) మెల్లగా అడిగాడు.

"పాపకు విరేచనాల టీకా చుక్కలెప్పుడేసిన్రురా?"

నమూనాతో పాటు నింపే ఫారంలో ఆ గడిలో నేను నింపింది ఒక చిన్న గీత. పెద్దన్న అక్కడే నానమ్మకు ఫోన్ కలిపి, అందరికీ వినపడేట్టు పెట్టాడు.

"నమూనా ఇచ్చే రెండు దినాల ముందే ఏసిన్రు సారూ. గదే కార్డుల సూపియ్యబోయిన. మీ పిలగాడు ఆవు ఆవు అనుకుంట సూడనే లేదు."

"గా చుక్కలు ఆవు వైరస్‌ను కలిపే చేస్తరు," అన్నాడు పెద్దన్న నాతో. "ఏసినంక కొన్ని దినాలు పిల్లల దొడ్డిలకెల్లి బయటికొస్తది."

మేడమ్ కాగితాలు మడిచి, "ఆవు వ్యాసం బాగుంది," అన్నారు. కొలువు పొడిగించారు, పాత ఫారాలన్నిటిలో చుక్కల తేదీలు నింపడానికి. పెద్దన్న మాత్రం రిటైరయ్యేదాకా నన్ను 'ఆవు డాక్టర్' అనే పిలిచాడు. టీ తెచ్చే మనిషికి కూడా అదే పేరు నేర్పాడు.

ఇప్పుడు ఫారాలు నా చేతిలో ఉన్నాయి. చుక్కల తేదీ లేనిదే ఏ డబ్బా ఫ్రీజర్‌లోకి పోదు. మొన్న పెద్దన్న నారపల్లి నుంచి మనవడి నమూనా పట్టుకొచ్చాడు. తేదీ గడి ఖాళీ.

"యాదికి లేదురా. కార్డు ఇంట్ల ఉంది."

ఫారం వెనక్కి జరిపాను. నాకు అన్నీ నేర్పిన మనిషి, మెట్ల మీద కూర్చుని కోడలికి ఫోన్ చేసి, తేదీ అరచేతిలో రాసుకొచ్చాడు. పాపం అనిపించింది. ఆవు తోక తగిలిన చెంప తడుముకుంటే పోయింది. తేదీ ఎక్కించి, తలెత్తకుండా అడిగాను.

"ఇంట్లో ఆవుగానీ గేదెగానీ ఉందా అన్నా?"